మా నాయన డ్యాన్సు పాట

మొన్నటి వేసవిలో మా నాయన పాటకు మా పాలెమంతా ఎగిరి గంతులేసింది. పదకొండో రోజున అదే పాలెం వలల షెడ్డు దగ్గర కూర్చుని, మా ఇంటిల్లిపాదినీ నిలబెట్టి అడిగింది. రెండుసార్లూ అవే ముఖాలు. మనుషులంటే నాకు ముందు నుంచీ పెద్ద గౌరవం లేదు. ఉన్న కాస్తా ఆ వేసవితో పోయింది. ఆ మనుషుల్లో నన్ను కూడా కలుపుకునే చెబుతున్నాను.

మా నాయన పేరు పోలేరయ్య. మా జాలర్ల ఊరు సన్నదిబ్బ పట్టపుపాలెంలో ఆయన గొంతు తెలియని వాళ్ళు లేరు. ఎదురుగాలిలో ఒడ్డు మీద నుంచి పిలిచినా నీళ్ళలో ఉన్న పడవకు వినపడుతుందని పేరు. అందుకే ఊరు ఆయనకు రెండు పనులు అప్పజెప్పింది. అలివి వల లాగేటప్పుడు పాట ఎత్తడం ఒకటి. ఊరి పెద్ద, మేం పెద్దకాపు అంటాం, ఏదైనా కట్టుబాటు పెడితే దాన్ని వీధివీధికీ చాటడం రెండోది. పాటంటే ఆయనకు ప్రాణం. చాటింపు మాత్రం పని కాబట్టి చేసేవాడు. ముప్ఫై ఏళ్ళుగా రెండింటికీ ఆ ఒక్క గొంతే.

ఏప్రిల్ పదిహేను నుంచి జూన్ పద్నాలుగు దాకా సముద్రంలో వేట నిషేధం. ఇంజన్ పడవలన్నీ ఇసుక మీదికి ఎక్కేస్తాయి. మగవాళ్ళు పడవలకు రంగులేస్తారు, పేకాడతారు, ఏమీ తోచక పెళ్ళాల మీద అరుస్తారు. ఆ రెండు నెలలూ మాకు మిగిలేది అలివి వలే. వల ఒక కొస ఒడ్డున ఉంచి, రెండో కొసను తెడ్ల పడవ మీద సముద్రంలో చుట్టు తిప్పి తెచ్చి, ముప్ఫై మంది రెండు వరసల్లో నిలబడి చేతులతో లాగాలి. ఇంజనుకు పాట అక్కర్లేదు, చేతులకు కావాలి. అందుకని మా నాయన పాట ఏడాదిలో ఆ రెండు నెలలే బతుకుతుంది.

ఏప్రిల్ నెలాఖరులో నెల్లూరు నుంచి ఉష ఫోన్ చేసింది.

ఉష నా చెల్లెలు. పుట్టినప్పుడు మేం పెట్టుకున్న పేరు పెంచలు. నాకన్నా పన్నెండేళ్ళు చిన్న. నా చంకలోనే పెరిగింది. మేం మగపిల్లాడనుకున్న బిడ్డ మగపిల్లాడు కాదని అందరికన్నా ముందు తెలిసింది నాకే. తెలిసి నేను చేసిందేమీ లేదు. పంతొమ్మిదో ఏట తనే నెల్లూరు వెళ్ళిపోయి, తన దారి తను చూసుకుని, ఉష అయింది. బ్యూటీ పార్లర్‌లో పని చేస్తుంది. పెళ్ళిళ్ళలో డ్యాన్సులు నేర్పిస్తుంది.

ఊళ్ళో అందరికీ తెలుసు. ఎవరూ పైకి అనరు. ఏడాదికి మూడు నాలుగుసార్లు ఇంటికి వచ్చేది. వచ్చేటప్పుడు ప్యాంటూ చొక్కా వేసుకుని, జుట్టంతా టోపీలో దాచుకునేది. కావలి నుంచి షేర్ ఆటోలో మిట్టమధ్యాహ్నం, జనం కునుకు తీసే వేళకు దిగేది. "పెంచలు వొచ్చినాడంటనే" అని పక్కింటివాళ్ళు అడిగేవారు. "వొచ్చినాడమ్మా" అనేది మా అమ్మ. అంతా అబద్ధమే. అందరూ కలిసి ఆడిన అబద్ధం కాబట్టి ఏడేళ్ళు నిలబడింది. చెల్లెలు ఇంటికి రావడానికి మాకున్నది ఆ ఒక్క సందు.

"అక్కా, నాయన పాట కావాలే" అంది ఫోన్లో.

"ఏ పాట?"

"వల లాగే పాట. గొంతు మటుకు చాలు. నువ్వు ఫోన్లో పట్టి పంపించు. కింద డప్పులూ గిప్పులూ ఫ్రెడ్డీ ఏసుకుంటాడు."

ఫ్రెడ్డీ అంటే నెల్లూరులో చర్చిలో కీబోర్డు వాయించే అబ్బాయి. ఆదివారాలు దేవుడికి, మిగతా రోజులు పెళ్ళి డీజేలకు.

"నాయన పాటకి డప్పులెందుకే, పిచ్చిదానా?"

"డ్యాన్సు పాట జేస్తా ఉండాం అక్కా. ఎంతమంది కొనుక్కుని ఇంటే మా ఇంటికి అంత ఆసరా."

వాళ్ళ ఇల్లంటే అద్దె ఇల్లు. దాన్ని నడిపేది షాహనా అని టైలరమ్మ, ఆమె కూడా ఉష లాంటిదే. అయినవాళ్ళు గెంటేసిన వాళ్ళు తొమ్మిది మంది అందులో ఉంటున్నారు. ఒకరినొకరు ఇష్టపడి ఇళ్ళు వదిలిన కావలి ఆడపిల్లలిద్దరు. ఇంకో కుర్రవాణ్ణి ప్రేమించాడని తండ్రి చెయ్యి విరగ్గొడితే వచ్చిన డిగ్రీ కుర్రాడొకడు. ఉష లాంటి వాళ్ళు మిగతావాళ్ళు. ఇంటి ఓనరు జూన్ లోపల ఖాళీ చెయ్యమన్నాడట. వీళ్ళకు ఇల్లిచ్చేవాళ్ళు దొరకరు. ఇచ్చేవాడు దొరికితే వాడు అడిగిన అడ్వాన్సు ఇవ్వాలి. అందుకీ పాట.

మర్నాడు ఉదయం వల లాగే చోటికి బుట్ట తీసుకుని వెళ్ళాను. పాట ఎత్తబోతుంటే నాయన ముందు ఫోన్ పెట్టాను.

"ఏందే అది, నా మూతి కాడ పెడతా ఉండావు?"

"ఊరికే నాయనా. ఇంట్లో ఇనుకుందామని."

"ముప్పయ్యేళ్ళు ఇన్లేదా?" అన్నాడు గానీ, ఆ పూట మామూలుకన్నా రెండు చరణాలు ఎక్కువ పాడాడు. పొగడ్తంటే ఎవరికి చేదు!

*గంగమ్మ తల్లీ – ఐలేసా
సన్నదిబ్బ బిడ్డలం – ఐలేసా
అలుపన్నవాడెవడు – ఐలేసా
అందరం ఒక్కటై – ఐలేసా
ఒడ్డుకు లాగర – ఐలేసా*

పాట ఎత్తేటప్పుడు ముందు గంగమ్మను తలచుకోవాలి, తర్వాత పాలెం పేరు చెప్పుకోవాలి. పేరు చెప్పకుండా లాగిన వలలోకి చేప రాదంటారు. నేను మొత్తం పంపేశాను. పాలెం పేరు కత్తిరించి పంపాలన్న బుద్ధి నాకు పుట్టలేదు. పుట్టినా కత్తిరించేదాన్ని కాదేమో. ఊరి పేరు లేకపోతే మాకు అది పాటే కాదు.

మే నెల రెండో వారంలో ఉష వచ్చింది. టోపీ తీసి, జుట్టు విరబోసుకుని, వంటింట్లో అమ్మ పక్కన చతికిలబడింది. అమ్మ ఎండ్రొయ్యలు ఏరుతోంది. నాయన పెరట్లో తడిక పక్కన వల బాగుచేసుకుంటున్నాడు. ఉష వచ్చినప్పుడల్లా ఆయనకు పెరట్లో పనుంటుంది. పేరు పెట్టి పిలవడు. ఎప్పుడొచ్చావని అడగడు. పొద్దున దొరికిన దాంట్లో మంచి చేప మటుకు అమ్మ చేతికిచ్చి వెళతాడు.

"ఇను మా" అని ఉష ఫోన్ నొక్కింది.

మొదట డప్పు. తర్వాత ఫ్రెడ్డీ మోతలు. ఒక అమ్మాయి గొంతు, ఒక అబ్బాయి గొంతు, తోసేసిన మమ్మల్ని ఒడ్డుకు లాగండి అన్న అర్థం వచ్చే మాటలు. కాళ్ళు ఊరుకోనివ్వని దరువు. ఉన్నట్టుండి దరువంతా ఆగిపోయింది. ఆ నిశ్శబ్దంలో మా నాయన గొంతు ఒక్కటే, గంగమ్మ తల్లీ అంటూ లేచింది. అమ్మ రొయ్యల చేట పక్కకు పెట్టేసింది.

వీడియోలో ఉష ఆకుపచ్చ చీరలో ఆడుతోంది. చివర్లో నిలబడి చెప్పింది: "ఈ పాట ఇల్లు లేని మా వాళ్ళ కోసం. మధ్యలో వినపడిన గొంతు మా నాయనది. సన్నదిబ్బ పోలేరయ్య."

"నాయన పేరెందుకు చెప్పినావే?" అన్నాను కంగారుగా.

"గొంతు దీసుకుని పేరు జెప్పకపోతే దొంగతనం గదక్కా."

తడిక అవతల వల సూది ఆగిపోయింది. కాసేపటికి మాట వచ్చింది.

"మూడో వరసలో గొంతు జారింది. ఆ పొద్దు చలిగాలి కొట్టింది గదా. ముందే జెప్పుంటే మళ్ళీ పాడుందును."

ఉష నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. నవ్విందో ఏడ్చిందో నాకు తెలియలేదు. రెండూ అయ్యుంటాయి.

"ఇంకోసారి పెట్టమను" అన్నాడు నాయన తడిక అవతల నుంచే.

ఆ మధ్యాహ్నం ఆ పాట నాలుగుసార్లు మోగింది. మా ఇంట్లో అంత సంతోషంగా గడిచిన పూట నాకు ఇంకొకటి గుర్తులేదు. సాయంత్రం ఆరింటి ఆటోకి ఉష టోపీ పెట్టుకుని వెళ్ళిపోయింది. జూన్‌లో పడవలు దిగేముందు మళ్ళీ వస్తానంది.

మే ఆఖరులో గంగమ్మ కొలుపు. కావలి నుంచి డీజే పెట్టెలు తెప్పించారు. ఒక్కోటి బీరువా అంత. సాయంత్రం అమ్మవారికి నైవేద్యాలయ్యాక కుర్రకారు ఫోన్ తగిలించి ఏవేవో పాటలు పెడుతున్నారు. నేను ఆడవాళ్ళలో కూర్చుని చెమట తుడుచుకుంటున్నాను. నాకు తెలిసిన డప్పు మొదలైంది.

ఎవరు పెట్టారో, ఎక్కడ దొరికిందో తెలియదు. పాట అప్పటికే ఫోన్లన్నింటిలో తిరుగుతోందట, పెట్టినవాడికి వీడియో సంగతి తెలియదట. మధ్యలో దరువు ఆగి, బీరువా అంత పెట్టెల్లోంచి నాయన గొంతు సముద్రం దాకా వెళ్ళింది. సన్నదిబ్బ బిడ్డలం!

ఒక్క క్షణం ఎవరికీ అర్థం కాలేదు. "ఐలేసా!" అని ఎవడో అరిచాడు. ఇంక ఆగలేదు. మూడొందల మంది ఐలేసా అంటున్నారు. ముసలివాళ్ళు లేచారు. పుట్టి బుద్ధెరిగాక ఎగరని మగవాళ్ళు ఎగిరారు. పెద్దకాపు చిన్నపోలయ్య మామ తువ్వాలు తలకు చుట్టి, లేని వల లాగుతూ వెనక్కి వెనక్కి అడుగులేశాడు. అందరూ వచ్చి నాయన భుజాలు చరిచారు. "పోలేరన్న పాట సినిమాలో వొచ్చిందిరోయ్" అన్నాడొకడు. నాయన అవుననలేదు, కాదనలేదు. ముఖం మాత్రం వెలిగిపోతోంది.

నేను గుంపు వెనక్కి వెళ్ళి ఉషకు వీడియో కాల్ చేశాను. ఫోన్ తలపైకెత్తి పట్టుకున్నాను. నెల్లూరులో తొమ్మిది మందీ ఒక చాప మీద కూర్చుని మా పాలెం ఎగరడం చూశారు.

"అక్కా, చిన్నపోలయ్య మామ గూడా ఆడతా ఉండాడే!" ఉష అరుస్తోంది. "దగ్గరికి బో, దగ్గరికి బో!"

అప్పుడు నేను పెద్ద మూర్ఖురాలిలాగా అనుకున్నాను, ఇంకేముంది, అయిపోయింది, చెల్లెలు ఇక టోపీ లేకుండా రావచ్చునని.

తర్వాత వారం రోజులు ఊళ్ళో ఎటు విన్నా ఆ పాటే. ఆ తర్వాత పడవల రంగు డబ్బాల కోసం మా వాళ్ళు కొందరు కావలి వెళ్ళారు. దుకాణం దగ్గర వేరే పాలెం వాళ్ళు కలిశారు. వాళ్ళ దగ్గర వీడియో ఉంది. మా వాళ్ళ ముందు దాన్ని చివరి దాకా పెట్టారు. ఆకుపచ్చ చీర, పాలెం పేరు, మా నాయన పేరు. మా పాలేన్ని వాళ్ళు ఏమని పిలిచారో ఆ మాట ఇక్కడ రాయను. అది ఉషకు చిన్నప్పటి నుంచీ అలవాటైన మాటే. మా మగవాళ్ళు మాత్రం ఆ రోజే మొదటిసారి తమ మీద పడితే ఎలా ఉంటుందో చూశారు.

ఎగరకుండా ఉంటే అంత కోపం వచ్చేది కాదు. ఎగిరారు, అదీ ఒళ్ళు మరిచి ఎగిరారు. ఆ సిగ్గు ఎవరి మీదైనా పెట్టాలి కదా.

కొలుపయిన పదకొండో రోజు పొద్దున వలల షెడ్డు కింద ఊరు కూడింది. మగవాళ్ళు కూర్చున్నారు, ఆడవాళ్ళం వెనక నిలబడ్డాం. నాయన మధ్యలో నిలబడ్డాడు. చిన్నపోలయ్య మామ దుర్మార్గుడు కాదు. మా అమ్మకు వరసకు తమ్ముడు. మాట్లాడేటప్పుడు కూడా నేల చూస్తూనే మాట్లాడాడు.

"బావా, పెంచలు ఎట్టా ఉండాడో మాకు తెలీదా? ఏడేళ్ళ నించి తెలుసు. ఎవురన్నా నోరెత్తినామా? అమ్మని చూసుకునేదానికి వొస్తా పోతా ఉండాడు, పోన్లే అనుకున్నాం. ఇప్పుడు ఊరి పేరు బెట్టి పాడిచ్చినారు. ఒడ్డున ఉండే పాలేలన్నీ నవ్వతా ఉండాయి. రేపు మన పిల్లల్ని ఇచ్చేదెవురు, తెచ్చుకునేదెవురు?"

మామే మళ్ళీ అందుకున్నాడు.

"వల పాట నీదీ కాదు, నాదీ కాదు. ఊరిది. దాన్ని బయటికిచ్చింది ఎవురు?"

నోరు పెగల్లేదంటే అబద్ధం. నేనే అనే మాట నాలుక చివరి దాకా వచ్చింది. ముందు కూర్చున్న సుధాకర్ వెనక్కి చెయ్యి చాపి నా మణికట్టు పట్టుకున్నాడు. సుధాకర్ నా మొగుడు. చిన్నపోలయ్య మామ పడవలోనే వేటకు వెళతాడు. గట్టిగా కూడా పట్టుకోలేదు. విడిపించుకోవాలంటే ఒక్క విదిలింపు చాలు. నేను విదిలించలేదు. నా పేరు రోజారమణి, ఊరిలో నా నోటికి భయపడని వాళ్ళు లేరు. ఆ నోరు ఆ రోజు మూసుకుని కూర్చుంది.

"నేనే ఇచ్చినా బావా" అన్నాడు నాయన. "బిడ్డ అడిగితే ఇచ్చినా."

నా వైపు చూడలేదు. చూస్తే బాగుండేదని ఇప్పటికీ అనిపిస్తుంది.

అప్పుడు మా అమ్మ, ఎన్నడూ నలుగురిలో నోరు విప్పని మనిషి, వెనక నుంచి అడిగింది. "కొలుపులో మీరందరూ ఆడినారు గదయ్యా ఆ పాటకి?"

చిన్నపోలయ్య మామ మెడ ఎర్రబడింది. నిజం చెబితే జనానికి కోపం రాదు, అందరి ముందూ చెబితేనే వస్తుంది. అంతవరకూ మెత్తగా ఉన్నవాళ్ళు కూడా గట్టిపడిపోయారు.

దురాయి వేశారు. దురాయంటే మా పాలేల కట్టు. దానికి పోలీసూ కోర్టూ అక్కర్లేదు. పెంచలు ఇక పాలెంలో కాలుపెట్టకూడదు. ఎదురుగా గానీ ఫోన్లో గానీ అతనితో మాట ఉండకూడదు, కబురు తేకూడదు, కబురు పంపకూడదు. మీరిన ఇంటికి పడవలో చోటుండదు, వలలో వాటా ఉండదు. ఆ పాట పాలెంలో మోగకూడదు. పోలేరయ్య ఇక వల దగ్గర పాట ఎత్తకూడదు.

ఇంకొక మాట కూడా చెప్పాలి. దురాయి వేసినప్పటి నుంచి కాదు, చాటినప్పటి నుంచి కడుతుంది. వెనకటికి వేటలో ఉన్నవాళ్ళు ఊరి కట్టు తెలియక మీరితే తప్పెవరిదని గొడవలు అయ్యేవట. అందుకని ఏ వీధి మలుపులో చాటితే ఆ వీధికి అప్పటి నుంచే లెక్క అని పెట్టుకున్నారు. దూరం నుంచి చెవినపడితే లెక్క కాదు.

"ఈ తూరికి చాటింపు మా వోడు ఏస్తాడులే బావా" అన్నాడు చిన్నపోలయ్య మామ. ఆ మాటలో నిజంగానే జాలి ఉంది.

"వొద్దు బావా" అన్నాడు నాయన. "నేనే చాటతా."

నాకు ఒళ్ళు మండిపోయింది. పాట పీకేసుకున్నా సిగ్గు లేదా ఈ ముసలాయనకు అనుకున్నాను. కన్నబిడ్డను వెలివేశామని తన నోటితోనే ఊరంతా చెబుతాడా? ఇంటికి వచ్చే దారిలో ఆయనకు పదడుగులు వెనకే నడిచాను, పక్కన నడవబుద్ధి కాక.

మధ్యాహ్నం మూడు దాటాక నాయన ముఖం కడుక్కుని, ఉతికిన పంచె కట్టుకున్నాడు. గడప దిగుతూ, ఎవరివైపూ చూడకుండా, గాలితో చెబుతున్నట్టుగా అన్నాడు.

"ఉత్తరపు కొస నించి మొదలుపెడతా. మన ఈది ఆకరికి. నాకు మోకాళ్ళ నొప్పులు, నిదానంగా గానీ నడవలేను."

ఆయన వీధి మలుపు తిరిగే దాకా నాకు వెలగలేదు. అమ్మకు ముందే వెలిగింది.

"ఫోను జెయ్యే" అంది. "ఇంకా సూస్తా ఉండావేందే? బిడ్డకి ఫోను జెయ్యే!"

ఉష పార్లర్‌లో ఉంది. వెనక హెయిర్ డ్రయ్యర్ మోత. అమ్మ ఫోన్ లాక్కుని చెవికి అదుముకుంది. ఇంత సమయం దొరికితే అమ్మ ఏం మాట్లాడుతుందా అని చూశాను. ఏం తిన్నావు అంది. ఎండ్రొయ్యలు పంపినానే, డబ్బాలో పోసినావా కవర్లోనే పెట్టినావా అంది. నీళ్ళు కాచుకుని తాగమంది. రాత్రిళ్ళు తలస్నానం చెయ్యొద్దంది. షాహనాకు మోకాలి నొప్పి తగ్గిందా అని కూడా అడిగింది, ఎన్నడూ చూడని మనిషి గురించి.

"ఏంది మా ఇయ్యాళ ఇంతసేపు?" ఉష నవ్వుతోంది. "నాకు పనుండాది, సాయంత్రం జేస్తాలే."

"పెట్టబాక!" అమ్మ కేక పెట్టినట్టే అంది.

అంతలో గాలి తిరిగింది. ఎక్కడో రెండు వీధుల అవతల నుంచి నాయన గొంతు వచ్చింది. మాటలు అందలేదు, గొంతు మాత్రం స్పష్టంగా ఉంది.

"అది నాయన గదా?" అంది ఉష. "ఈయేళప్పుడు వల లాగతా ఉండారా ఏంది?"

అమ్మ ఫోన్ నా చేతిలో పెట్టేసింది.

"చాటింపే" అన్నాను.

"ఎవురి మీద?"

పాలెంలో పుట్టిన పిల్లకు అంతకన్నా చెప్పనక్కర్లేదు. అటువైపు డ్రయ్యర్ ఆగింది. తలుపు వేసుకున్న చప్పుడయింది.

"పాట గురించేనా?"

"ఊఁ. మాట కూడా ఉండగూడదంట. ఫోన్లో గూడా."

"ఇంకా ఎన్ని ఈదులు ఉండాయి?"

"రెండు."

"అయితే ఏడవబాక అక్కా, టైము పాడవతాది. ఇను. ఇల్లు దొరికింది మాకు. మూడు గదులు. నిన్ననే తాళాలు ఇచ్చినారు. పాటతోనే వొచ్చింది అక్కా, అడ్వాన్సు మొత్తం. ఎక్కడెక్కడి వాళ్ళో రాసినారు, మధ్యలో ఆ పెద్దాయన గొంతు కోసమే మళ్ళీ మళ్ళీ ఇంటా ఉండామని. తొమ్మిది మందికి నాయన గొంతుతో ఇల్లొచ్చింది. జూన్‌లో వొచ్చినప్పుడు నేనే నాయనకి చెప్పాలనుకుంటి."

"పాట పంపింది నేనే. నాయన తన మీద ఏసుకున్నాడే. నేను గమ్మునుండిపోయినా" అన్నాను. ఎవరికో ఒకరికి చెప్పకపోతే ఊపిరాడేటట్టు లేదు.

"నువ్వు మాట్లాడుంటే బావకి పడవ లేకుండా పొయ్యేది. ఊరుకో." అది నన్ను ఓదారుస్తోంది. చంకలో పెట్టుకుని పెంచిన పిల్ల. "నాయనకి ఒకసారియ్యక్కా ఫోను. ఒక్క నిమిషం."

"నాయన యాడుండాడే? చాటేది నాయనే గదా."

అన్నాక నాకు అర్థమైంది. మాకోసం ఆయన వీధులు లెక్కపెట్టుకుంటూ కాళ్ళీడ్చుకుంటూ నడుస్తున్నాడు. ఆయనకు మాత్రం ఉత్తరపు కొసలో మొదటి మాట నోట్లోంచి వచ్చినప్పుడే దురాయి కట్టేసింది. ఊరందరికన్నా ముందు ఆయనకే. ఉషకు కూడా అర్థమైనట్టుంది, మళ్ళీ అడగలేదు.

గొంతు దగ్గరకొచ్చింది. మా పక్క వీధి అయిపోయింది. అమ్మ మళ్ళీ ఫోన్ తీసుకుని, మాటలు అయిపోయినట్టు, ఊరికే "బిడ్డా, బిడ్డా" అంటోంది. మా మలుపులో నాయన కనపడ్డాడు. ఇటు చూశాడు. అమ్మ చెవి దగ్గర ఫోన్ చూశాడు. కరెంటు స్తంభానికి చెయ్యానించి, కాలికి ముల్లు గుచ్చుకున్నట్టు వంగి, పాదం చూసుకున్నాడు. అక్కడ ముల్లులేదని నాకు తెలుసు, వీధిలో నిలబడ్డ వాళ్ళకూ తెలుసు. ఎవరూ ఏమీ అనలేదు. ఎంతసేపని వంగి ఉంటాడు? లేచి నిలబడ్డాడు.

"వొచ్చినాడా?" అంది ఉష.

"వొచ్చినాడు" అన్నాను పక్క నుంచి.

"సరే. నేనే పెట్టేస్తా. మీరు పెట్టినట్టు ఉండగూడదు" అని పెట్టేసింది.

నాయన గొంతు సవరించుకుని దురాయి చాటాడు. మొదటి నుంచి చివరి దాకా, ఒక్క మాట వదలకుండా, మిగతా వీధుల్లో చెప్పినంత గట్టిగానే చెప్పాడు. పెంచలు ఊళ్ళో కాలుపెట్టకూడదన్నాడు. మాట ఉండకూడదన్నాడు. పోలేరయ్య పాట ఎత్తకూడదని కూడా, ఎవరో వేరే పోలేరయ్య అన్నట్టు చాటాడు.

ఇంట్లోకి వచ్చి అరుగు మీద కూర్చున్నాడు. గొంతు బొంగురుపోయింది.

"మాట్లాడినారా?"

"మాట్లాడినాం నాయనా."

"తనివి తీరా?"

అమ్మ తల ఊపింది.

"నన్నడిగిందా?"

"అడిగింది నాయనా. నీకో మాట చెప్పమనింది" అన్నాను. తొమ్మిది మంది, మూడు గదులు, తాళాలు, అన్నీ నా నోటిలోనే ఉన్నాయి. ఒక్క ఊపిరిలో చెప్పేయగలను.

ఆయన చెయ్యెత్తాడు. ఆ చెయ్యి కాసేపు అలాగే ఉండిపోయింది.

"చెప్పబాక" అన్నాడు. "కబురు తేగూడదని ఇప్పుడే గదా చాటొచ్చినా."

నాలుగు రోజుల తర్వాత పడవలు నీళ్ళలోకి దిగాయి. సుధాకర్ వేటకు వెళ్ళాడు, మేం తింటున్నాం. ఆ మాట ఇంకా నా దగ్గరే ఉంది. నాయనకు అన్నం పెట్టేటప్పుడు రోజూ నోటి దాకా వస్తుంది. ఆయన నా ముఖం చూసి, అదేదో వస్తోందని తెలిసి, కంచం తీసుకుని పెరట్లోకి వెళ్ళి తింటాడు.